జుట్టు కార్డు

1998 ఆగస్టు 17, సోమవారం

ఈ నోటుపుస్తకం ముందు పేజీల నిండా హీరోయిన్ తారిణి జుట్టే. ఏ సీన్లో జడ ఎటువైపు, పూలు ఎన్ని మూరలు, పాపిట్లో సిందూరం ఎంత పొడవు. వెనకనుంచి మొదలుపెట్టి నా గోడు రాసుకుంటే ఎవరూ చూడరు. హెయిర్‌డ్రెస్సర్ పుస్తకం తిరగేసే తీరిక సెట్‌లో ఎవరికుంది?

ఇవాళ మా ఆయన చెయ్యి వణికింది. మేకప్ గదిలో ఏసీ ఎక్కువ. తారిణికి కనుబొమ్మ గీస్తుంటే పెన్సిల్ పక్కకు పోయింది. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి సరిపోయింది. నేను జడ సర్దుతున్నట్టు వంగి, కొంగుతో ఆ గీత తుడిచి, మళ్ళీ గీశాను. ముప్పయ్యొక్కేళ్ళుగా హీరోయిన్లకు ముఖాలు దిద్దిన చెయ్యి, ఒక్కరోజు వణికితే కొంపేం మునగదు.

ఏసీ తగ్గించమని చెప్పాలి.

ఆగస్టు 19

ఏసీ తగ్గించారు. ఆయనకు నిద్ర చాలడం లేదు, అసలు కారణం అది.

ఆగస్టు 25

సీన్ 14. జడ కుడివైపు, మల్లెలు రెండు మూరలు, ఎడమ చెవి మీద నాలుగు వెంట్రుకలు జారి ఉండాలి.

ఇవాళ పెదవులు కూడా నేనే వేశాను. ఈ ఒక్కరోజే.

మా సినిమావాళ్ళలో రంగు మగవాళ్ళది, జుట్టు ఆడవాళ్ళది. ఆయన మెడలో కార్డు మీద 'మేకప్' అని ఉంటుంది, నా కార్డు మీద 'కేశాలంకరణ' అని. ఆడది ముఖం మీద బ్రష్ పెడితే ఆమె కార్డూ పోతుంది, పెట్టనిచ్చినవాడి కార్డూ పోతుంది. పెళ్ళయిన కొత్తలో ఎందుకండీ ఇలా అని అడిగాను. మేకప్‌వాళ్ళ సంఘం పెద్ద ఒకాయన ఎంతో నెమ్మదిగా చెప్పాడు. "చూడమ్మా కుందా, మగవాడికి సంసారం ఉంటుంది. మగవాడి పొట్ట కొట్టకూడదు." సబబే అనిపించింది. ఆయన పొట్ట నిండితే నా పొట్ట నిండినట్టే కదా అనుకున్నాను. అప్పట్లో నేను అన్నిటికీ అలాగే అనుకునేదాన్ని.

సెప్టెంబరు 3

ఆయన బ్రష్షులు కడిగి, తుడిచి, చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి ఇచ్చారు. నేను వేశాను. ఈ ఒక్కరోజే.

సెప్టెంబరు 9

డాక్టరు నరాల జబ్బు అన్నాడు. మందులు వాడితే ఇంకా పెరగకుండా ఉంటుందట గానీ, పోదట. మనిషిని చూస్తే ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. అతనికేం తెలుసు.

గోరేగావ్ స్టేషన్లో టీ తాగాం. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు. "అహో, చల్లారిపోతోంది, తాగండి," అన్నాను. "సగం ఒలికాక తాగుతాలే, బరువు తగ్గుతుంది," అన్నారు. ఇద్దరం నవ్వాం. పక్కనున్నవాళ్ళు మమ్మల్ని చూసి ముచ్చటపడి ఉంటారు.

సెప్టెంబరు 14

తారిణికి తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది, ముఖం ఆమెదేగా. నేను ఆమె చెంపకు రంగు అద్దుతుంటే ఒక కన్ను తెరిచింది.

"దీదీ, నాలుగు రోజులుగా నా ముఖం మీద గాజుల చప్పుడు వినిపిస్తోంది."

సెట్‌లో అందరికీ దాదా అయిన ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"దాదాకి ఒంట్లో బాగుండటం లేదమ్మా. ఈ నాలుగు రోజులే..."

ఆ పిల్ల లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది. మళ్ళీ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. "గాజులు తీసెయ్యి దీదీ. బయటికి వినిపిస్తాయి," అంది.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. చండీగఢ్ నుంచి బొంబాయి వచ్చింది. అందరూ పొగరు అంటారు. వాళ్ళ నోట్లో మన్ను పడ.

సెప్టెంబరు 22

ఇప్పుడు రోజూ ఇదే వరస. నేను లోపల తారిణికి వేస్తాను. ఆయన తలుపు బయట స్టూలు మీద కూర్చుంటారు. కూర్చునే ముందు రంగు డబ్బాలో వేళ్ళు ముంచుకుంటారు. ఎవరైనా వచ్చి, "ఎంతసేపు దాదా?" అంటే, రంగు అంటిన చెయ్యి చూపించి, "కళ్ళు అయిపోయాయి, పెదవులు ఉన్నాయి," అంటారు. మంచి పనిమంతుడు కదా, లెక్క తప్పరు. ఆయన పెదవులు అన్నప్పుడు నేను నిజంగా పెదవుల దగ్గరే ఉంటాను.

మొదటిరోజు ఆ రంగు వేళ్ళు చూసి నవ్వొచ్చింది. ఇవాళ రాలేదు.

సెప్టెంబరు 30

డైరెక్టర్ సూరి సాబ్ సినిమా కథ మొత్తం ఇవాళ తెలిసింది. ఇరవై రెండుమంది ఉన్న ఇల్లు. ఒకే వంటిల్లు. ఉదయం లేచింది మొదలు అందరూ ఒకరి కాళ్ళకు ఒకరు దండాలు పెట్టుకోవడమే పని. మగవాళ్ళు ఎవరూ ఆఫీసుకు పోరు, ఆడవాళ్ళు అంట్లు తోమరు, అయినా ఇల్లు మెరుస్తుంటుంది. తారిణి ఆ ఇంటి చిన్నకోడలు. గొప్ప గొంతు. పెళ్ళయ్యాక పాట మానేస్తుంది. అత్తగారు బతిమాలితే ఢిల్లీ వెళ్ళి పోటీలో పాడి బంగారు కప్పు గెలుస్తుంది. తెచ్చి, ఇంటిల్లిపాదీ చూస్తుండగా మొగుడి చేతిలో పెట్టి, "ఈ గొంతు నాది కాదు, మీది," అంటుంది. మర్నాటినుంచి పూజగదిలో మాత్రమే పాడుతుంది.

నేను వెటకారం చేస్తున్నాను గానీ, సూరి సాబ్ ఆ సీను చదివి వినిపిస్తుంటే నా కళ్ళు కారిపోయాయి. అతనివీ కారాయి. సూరి సాబ్ పుట్టకముందే వాళ్ళ తాత అన్నదమ్ములు దేశ విభజనలో లాహోర్ నుంచి తలొక దిక్కూ అయిపోయారట. ఆ మనిషి ప్రతి సినిమాలోనూ ఆ ఇల్లు కట్టుకుంటూ ఉంటాడు. ఇరవై రెండుమందిని ఒక్క ఫ్రేములో కూర్చోబెట్టి, "ఎవరూ కదలకండి, ఎవరూ వెళ్ళకండి," అని అరుస్తుంటే పాపం అనిపిస్తుంది.

అక్టోబరు 8

కర్వా చౌత్ సీను. సీన్ 52. కొప్పు, ఎర్ర ముసుగు, ఎడమవైపు పాపిడి బిళ్ళ.

మొగుడి ఆయుష్షు కోసం పంజాబీల ఉపవాసం అది, మా మరాఠీవాళ్ళకు లేదు. అయినా ఇలాంటి సినిమాలు చూసి మా చాల్‌లో, ఈ వరస గదుల్లో, ముగ్గురు మొదలుపెట్టారు. పోయినేడు మూడో గది జోషీబాయి జల్లెడలోంచి చంద్రుణ్ణి చూడబోతే చంద్రుడు నీళ్ళ ట్యాంకు వెనకాల ఉన్నాడు. మొగుడేమో టీవీ ముందునుంచి లేవలేదు. పాపం పదిన్నర దాకా మంచినీళ్ళు ముట్టలేదు. "కుందాతాయి, సినిమాలో నాలుగు నిమిషాల్లో అయిపోతుందే!" అని ఏడ్చింది.

సెట్‌లో నలభైమంది ఆడవాళ్ళు జల్లెడలు పట్టుకుని లైటు వైపు చూశారు. ఎంత బాగుందో. మొగుడు నీళ్ళు తాగించే షాటులో తారిణి కన్నీళ్ళు పెట్టుకోవాలి. కంటి కింద గీత గీస్తే గ్లిజరిన్‌కు కారిపోతుంది. నేను గీత బదులు సన్నగా చుక్కలు పెట్టాను, రెప్ప వెంట్రుకకీ వెంట్రుకకీ మధ్య ఒకటి. ఎంత ఏడ్చినా చెరగలేదు. కెమెరామన్ వచ్చి, "దాదా, ఏం చేశావయ్యా ఈ కంటికి!" అని ఆయన భుజం తట్టాడు.

ఆయన నావైపు చూడలేదు. "అనుభవం," అన్నారు.

అక్టోబరు 20

కప్పు సీను. పదిహేడు టేకులు. తారిణికి ఆ మాట నోట్లోంచి రావడం లేదు. వస్తే నవ్వు వస్తోంది, లేకపోతే కోపంగా వస్తోంది. సూరి సాబ్ తల పట్టుకున్నాడు.

"బేటీ, ఇవ్వడంలో సంతోషం ఉండాలి. నువ్వు కప్పు ఇస్తున్నట్టు లేదు, నోటీసు ఇస్తున్నట్టుంది!"

టచప్‌కని లోపలికి వచ్చి తారిణి కుర్చీలో కూలబడింది. "దీదీ, నిజంగా ఎవరైనా ఇలా అంటారా? నువ్వు అంటావా?"

"ఎందుకనను," అన్నాను. "ముందు ఆ ముఖం కిందికి దించు. కప్పు చేతుల్లో పెట్టేసి అక్కడే నిలబడతావేం? కొంగు సర్దుకుంటూ అర అడుగు వెనక్కి వెయ్యి. ఆయన భుజం నీకంటే ముందుకు రావాలి. అప్పుడు చూసేవాళ్ళ కళ్ళు ఆయన మీదికి పోతాయి. ఇక ఆ మాట గట్టిగా అనక్కర్లేదు. నీకు నువ్వు చెప్పుకుంటున్నట్టు అను, చాలు."

చేసి చూపించాను. తారిణి అద్దంలో నన్ను చూస్తూ ఉండిపోయింది.

పద్దెనిమిదో టేకు ఓకే. సూరి సాబ్ కళ్ళు తుడుచుకుంటూ, "మా అమ్మ! అచ్చం మా అమ్మ!" అన్నాడు.

అక్టోబరు 23

మధ్యాహ్నం రషెస్, ఇప్పటిదాకా తీసిన ముక్కలు, వేశారు. మేమిద్దరం వెనక వరసలో కూర్చున్నాం. తెర మీద తారిణి ముఖం దించింది, కొంగు సర్దుకుంది, అర అడుగు వెనక్కి వేసింది. అందరూ ఆహా అన్నారు. అది నా కొంగు, నా అడుగు. అంత పెద్దగా ఎప్పుడూ చూసుకోలేదు.

లోకల్ ట్రైన్లో అంధేరీ దాటాక ఆయన అన్నారు. "ఆ అడుగు నీది."

"నాది కాక సూరి సాబ్ వాళ్ళమ్మదా?"

"ఎప్పుడు వేస్తావు అలా?"

"కెమెరామన్ మీ భుజం తట్టినప్పుడు."

నేను అలా అనకుండా ఉండాల్సింది. జబ్బు మనిషి.

నవంబరు 5

ఆయనకు ఒక పని దొరికింది. కంటిన్యుటీ కోసం, అంటే సీను సీనుకీ ముఖం మారకుండా, రోజూ తారిణి ముఖాన్ని పోలరాయిడ్ ఫొటో తీసి ఫైల్లో అంటించాలి కదా, అది ఆయన చేస్తున్నారు. చెయ్యి వణికి ఫొటోలన్నీ అలుక్కుపోతున్నాయి. ఒక్కొక్కటి చూసుకుని చించేస్తారు. నేనూ తారిణీ చూడనట్టే ఉంటాం.

నవంబరు 11

ఇవాళ ఒకటి స్పష్టంగా వచ్చింది! ఊపిరి బిగబట్టి, మోచేతులు బల్లకు ఆనించి తీశారట. రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చిన్నపిల్లాడిలా అందరికీ చూపించి వచ్చారు, ప్రొడక్షన్‌వాళ్ళకీ, టీ ఇచ్చేవాడికీ. తనే ఫైల్లో అంటించి కింద తేదీ వేశారు. దారిలో బొంబిల్ చేప కొనుక్కొచ్చి, వేయించమన్నారు. చాలా రోజుల తరవాత కడుపునిండా తిన్నారు.

నవంబరు 13

తనిఖీకి సంఘంవాళ్ళు వచ్చారు. ఎప్పుడూ వచ్చేవాళ్ళే. మా గది తలుపు తట్టేసరికి నేను దువ్వెన పట్టుకుని, ఆయన బ్రష్ పట్టుకుని, తారిణి పత్రిక పట్టుకుని ఉన్నాం. అంతా బాగానే జరిగింది. వెళ్ళబోతూ ఒకడు కంటిన్యుటీ ఫైలు ఊరికే తిరగేశాడు.

ఆ ఫొటోలో తారిణి వెనక అద్దం ఉంది. అద్దంలో నేను ఉన్నాను. నా చేతిలో సన్న బ్రష్, అది తారిణి కంటి వైపే చాచి ఉంది. మెడలో కార్డు, దాని మీద 'కేశాలంకరణ' అన్న అక్షరాలు తిరగేసి పడ్డాయి గానీ చదవొచ్చు.

ఆయన ఎవరికి చూపించినా వాళ్ళంతా తారిణి ముఖాన్నే చూశారు. మేమూ ఆ ముఖాన్నే చూశాం. మా వృత్తిలో అద్దాన్ని ఎవరూ చూడరు, అద్దం ముందున్న ముఖాన్నే చూస్తారు.

ఆయన ఆ ఫొటో వంకే చూస్తూ, "బాగా వచ్చింది కదూ," అన్నారు. అంత దుఃఖంలోనూ నాకు ఆయన్ని కొట్టాలనిపించింది.

నవంబరు 16

దీనానాథ్ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు సంఘం కార్యదర్శి గానీ, పదిహేనేళ్ళ కింద ఆయన దగ్గర బ్రష్షులు కడిగి పని నేర్చుకున్నవాడే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వదినా, శుక్రవారం కమిటీ పిలుస్తుంది. భయపడకండి. నేను రూల్సు మొత్తం చదివాను. ఆడవాళ్ళు మేకప్ చెయ్యకూడదని ఉంది గానీ, భార్య భర్తకి సాయం చెయ్యకూడదని ఎక్కడా లేదు. మీరు దాదాకి బ్రష్ అందిస్తున్నారు, అంతే. ఫొటోలో అలా పడింది. భార్య చేసేది పని కిందికి రాదు కదా, సంసారం కిందికి వస్తుంది. ఆ ఒక్క మాట మీరు చెప్పండి చాలు, మేం ఫైలు మూసేస్తాం."

"అలాగే నాయనా," అన్నాను. "అటుకుల పోహా చేశాను, తిని వెళ్ళు."

ఆయన కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నారు. ఉన్నట్టుండి, "దీనూ, నీ చెల్లెలి పెళ్ళిలో ముఖం ఎవరు దిద్దారు?" అని అడిగారు.

"మీరే దాదా."

"కాదు," అన్నారు. దీనానాథ్ పోహా తినకుండానే వెళ్ళాడు.

నవంబరు 19

రేపే. కుంకుమరంగు నేత చీర ఇస్త్రీ చేశాను. 'నేను ఆయనకి బ్రష్ అందిస్తున్నాను.' పదిసార్లు అనుకున్నాను, బాగానే వస్తోంది. తారిణికి పదిహేడు టేకులు పట్టింది గానీ నాకు పట్టవు. అబద్ధం అని కూడా అనిపించడం లేదు. ఆయన పేరు నిలబడాలి. ముప్పయ్యొక్కేళ్ళ పేరు. అది పోతే ఆ మనిషిలో ఇంకేం మిగులుతుంది?

నవంబరు 20, శుక్రవారం

కమిటీలో అయిదుగురు. అందరూ మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళే. బల్ల మీద ఆ పోలరాయిడ్. దీనానాథ్ గొంతు సవరించుకుని, "చెప్పండి వదినా, ఆ సమయంలో మీరేం చేస్తున్నారు?" అన్నాడు.

లేచాను. కొంగు సర్దుకున్నాను. "నేను ఆయనకి..."

"ఆగు కుందా," అన్నారు ఆయన.

కూర్చునే ఉన్నారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు, వణుకు కనబడకుండా.

"దీనూ, కళ్ళద్దాలు పెట్టుకో. ఆ కంటి కింద చూడు. గీత ఉందా?"

దీనానాథ్ వంగి చూశాడు. "లేదు దాదా. చుక్కలున్నాయి."

"నేను గీత గీస్తాను. నువ్వూ గీతే గీస్తావు, నేర్పింది నేను కాబట్టి. ఈ గదిలో ఉన్నవాళ్ళందరూ గీతే గీస్తారు. ఈ చుక్కలు పెట్టిన కన్ను ఏడ్చినా చెరగదు. నాకు ముప్పయ్యొక్కేళ్ళలో తట్టలేదు. ఇది నాదని ఎలా చెప్పమంటావు?"

"దాదా, అవన్నీ ఇప్పుడెందుకు? వదిన బ్రష్ అందిస్తున్నారు, అంతే కదా."

"బ్రష్ కంటికి అందిస్తారటరా ఎక్కడన్నా?" గొంతు లేచింది. "పక్కవాడి పనిని తనదని చెప్పుకున్న మేకప్‌వాడు దొరికితే మనం ఏం చేసేవాళ్ళం? మొహాన ఉమ్మేవాళ్ళం కాదూ? ఉమ్మండి మరి. కాదు, ఆవిడ నా పెళ్ళాం కాబట్టి చెప్పుకోవచ్చంటారా?"

ఆయన మెడలోంచి కార్డు తీయబోయారు, తాడు చెవికి చిక్కుకుంది, చెయ్యి సహకరించలేదు. నేను వెళ్ళి తీయాల్సి వచ్చింది. ఆయన కార్డు నా చేత్తోనే బల్ల మీద పెట్టాను.

ఆయన కార్డు రద్దు. నాది ఆరు నెలలు ఆపారు. సూరి సాబ్ సినిమాకు రేపటినుంచి ఇంకొకరు.

నవంబరు 21

ఆ మనిషితో మాట్లాడటం లేదు.

నవంబరు 22

మాట్లాడాను. అరిచాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలియదా అన్నాను. నేను చెప్పేదాన్ని కదా, ఒక్క మాటతో పోయేది కదా, మిమ్మల్నెవరు నోరు తెరవమన్నారు అన్నాను.

"నీ పని నీదన్నాను. తప్పా?"

"రెండేళ్ళు అనని మాట మొన్నే అనాలా?"

ఆయన తల దించుకున్నారు.

అవును, రెండేళ్ళు. ఈ పుస్తకంలో వణుకు మొదలైంది ఆగస్టు 17న అన్నట్టు రాసుకున్నాను. ఏసీ అని రాసుకున్నాను. ఎవరూ చూడని పుస్తకంలో కూడా ఆయన్ని కాపాడుతూ కూర్చున్నాను. ఇంతకు ముందు సినిమాలో హీరోయిన్ ముఖం సగం నాది. దానికి ముందు సినిమాలో కళ్ళు నావి. దీనానాథ్ చెల్లెలి పెళ్ళి అయి మూడేళ్ళు. చెయ్యి ఇంకా వణకనప్పుడే ఆయన అలసిపోయానంటే నేను దిద్దాను. అందరూ ఆయన్ని మెచ్చుకుంటుంటే నేను వెనక్కి అర అడుగు వేశాను. ఎంత సంతోషంగా వేశానో! అది నటన కాదు. ఆ సంతోషం నిజం. అందుకే నాకింత కోపం.

నవంబరు 24

నాసిక్ నుంచి మా అమ్మాయి ఫోన్. "బాబా అలా అన్నారా? నిజంగా? అందరి ముందూ?" అని మూడుసార్లు అడిగింది. తరవాత ఏడ్చింది. ఎందుకే ఏడుస్తావు, తిండికి లోటేం లేదు అన్నాను. "అందుకు కాదమ్మా," అంది.

1999 జనవరి 30

సంఘానికి పెళ్ళికూతుళ్ళతో సంబంధం లేదు. ఈ నెలలో అయిదుగురికి ముఖం దిద్దాను. అందరూ సినిమాలో పెళ్ళికూతురిలా ఉండాలంటారు. ఆయన పక్కన కూర్చుని బ్రష్షులు అందిస్తారు. జోషీబాయి చూసి, "భార్యకి భర్త అందిస్తే అది పనేనా, సంసారమా కుందాతాయి?" అంది. చాల్‌లో అందరూ నవ్వారు. ఆయనే అందరికంటే గట్టిగా నవ్వారు.

జూన్ 2

నా జుట్టు కార్డు తిరిగొచ్చింది. ఎవరూ పనికి పిలవలేదు.

నవంబరు 7, ఆదివారం, దీపావళి

సూరి సాబ్ సినిమా విడుదలైంది. మ్యాట్నీకి వెళ్ళాం. జోషీబాయి కూడా వచ్చింది. పేర్లు పడ్డాయి. మూడొంతులు మేం చేసిన సినిమా కదా, ఆయన పేరే ఉంచారు. 'మేకప్: మధుకర్ పాట్కర్.' కింద, చిన్న అక్షరాల్లో, 'కేశాలంకరణ: కుందా.' నాకు ఇంటిపేరు కూడా వేయలేదు.

"అబద్ధం!" అన్నారు ఆయన పైకే. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

కప్పు సీను వచ్చింది. హాలు మొత్తం ముక్కులు ఎగబీల్చింది. జోషీబాయి నా చెయ్యి నొక్కి, "ఇలాంటి కోడలు దొరకాలి తాయీ, అదృష్టం ఉండాలి," అంది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఉన్నాను. ఆ ఇరవై రెండుమందిలో ఒక్కరైనా, పోనీ ఆ మొగుడైనా, 'ఇదేంటి పిల్లా, గొంతు నీదే కదా' అంటాడేమో అని ఎదురుచూశాను. సినిమా నాకు తెలిసిందే, అనడని తెలుసు. అయినా చూశాను. తెర మీదివాడు కప్పు తీసుకుని చిరునవ్వు నవ్వాడు.

నా పక్కన కూర్చున్నవాడు చెవిలో, "రేపు సంఘం ఆఫీసుకి పోదాం," అన్నాడు.

నవంబరు 8

గుమాస్తా కొత్తవాడు. మేకప్ కార్డుకు దరఖాస్తు ఫారం ఇమ్మంటే ఆయనకే అనుకుని ఇచ్చాడు. నా పేరు రాయడం చూసి లేచి నిలబడ్డాడు.

"బాయీ, ఇది మగవాళ్ళ ఫారం."

"ఈ ఫారంలో ఎక్కడ రాసుంది?" అన్నారు ఆయన.

అతను ఫారం ముందూ వెనకా తిప్పి చూశాడు. "రాయలేదు. రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు."

"అయితే తీసుకో. కాదనేది కమిటీ కదా, నువ్వు కాదు. నువ్వు ముద్ర వేసి నంబరివ్వు."

కమిటీ కాదంటుంది. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు, ఆ గుమాస్తాకూ తెలుసు. అయినా రాశాను. పేరు, కుందా మధుకర్ పాట్కర్. పని, మేకప్. అనుభవం దగ్గర ఆగాను. ఆయన, "నాలుగేళ్ళని వెయ్యి," అన్నారు. లెక్కపెట్టుకుని ఉంచుకున్నారన్నమాట. కింద ఒక గడి ఉంది, 'పని నేర్పిన గురువు సంతకం'.

సంతకం సరిపోల్చడానికి గుమాస్తా పాత రిజిస్టరు తెచ్చాడు. 1967లో ఆయన పెట్టిన సంతకం అందులో ఉంది, పెద్ద అక్షరాలతో, చివర ఒక సున్నా చుట్టి. ఆయన కలం తీసుకున్నారు. 'మ' మొదలెట్టేసరికి గీత గడి దాటిపోయింది. "కలవడం లేదు దాదా," అన్నాడు గుమాస్తా. ఇంకో ఫారం ఇచ్చాడు, నేను మళ్ళీ మొత్తం నింపాను. ఈసారి కాగితం చిరిగింది. మూడో ఫారం. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నాకు ఏడుపు వస్తోంది.

"అహో, ఇంక చాలు, ఇంటికి పోదాం," అన్నాను.

ఆయన కలం కింద పెట్టి, "ఇంకు ప్యాడ్ ఉందా?" అని అడిగారు.

గుమాస్తా మొహమాటపడ్డాడు. "వేలిముద్రా? మీరు చదువుకున్నవాళ్ళు దాదా, ఎలా..."

"పట్రావయ్యా."

తెచ్చాడు. ఆయన బొటనవేలు సిరాలో ముంచారు. కాగితం దగ్గరికి వస్తుంటే మణికట్టు అటూ ఇటూ ఊగింది. నేను పట్టుకోబోయాను.

"వదులు," అన్నారు. "ఇది నేనే వెయ్యాలి."

వదిలాను. వేలు గాలిలో కాసేపు వెతుక్కుని గడి మధ్యలో దిగింది. ఒంటి బరువంతా దాని మీద వేసి నొక్కి, నిలువుగా పైకి తీశారు. గీతలన్నీ విడివిడిగా, శుభ్రంగా పడ్డాయి.

"చూశావా కుందా," అన్నారు. "కదల్లేదు."